బాహుద ఇచ్చిన చేతులు

శ్రీ ప్లవ నామ సంవత్సరం, కార్తిక మాసం. క్రీ.శ. 2021 నవంబరు. పుంగనూరులో ఒక విశ్రాంత తెలుగు పండితుడు ప్రతి కార్తికంలోనూ చేసినట్లే ఆ ఏడు కూడా తమ వీధి ఆలయంలో సాయంకాలం పురాణ ప్రవచనం సాగిస్తున్నారు. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయనను అయ్యవారు అనే పిలుస్తారు. ఆ నెల ప్రవచనాంశం శాంతిపర్వం. యుద్ధానంతరం శోకమగ్నుడైన ధర్మరాజుకు వ్యాసమహర్షి చెప్పిన శంఖలిఖితుల ఉపాఖ్యానం అయ్యవారికి ప్రీతిపాత్రమైనది. ఎన్ని పర్యాయాలు చెప్పినా ఆ ఘట్టానికి రాగానే ఆయన కంఠం ఆర్ద్రమయ్యేది.

శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఇద్దరూ తపోధనులు. బాహుదా నదీతీరంలో ఎవరి ఆశ్రమం వారిది. ఒకనాడు లిఖితుడు అన్నగారి ఆశ్రమానికి వెళ్ళాడు. శంఖుడు లేడు. చెట్టున పండిన ఫలాలు కనిపించాయి. అన్నగారి చెట్టే కదా అనుకొని కోసి భుజించాడు. తిరిగివచ్చిన శంఖుడు, అడుగకుండా తీసుకొన్నది చౌర్యమేననీ, రాజు వద్దకు వెళ్ళి దండన స్వీకరించమనీ చెప్పాడు. సుద్యుమ్న మహారాజు ఆ తపస్విని క్షమించి పంపాలనే చూశాడు. లిఖితుడు అంగీకరించలేదు. రాజు అతని రెండు చేతులనూ ఖండింపజేశాడు. ఆ స్థితిలో వచ్చిన తమ్మునితో శంఖుడు, తనకు కోపం లేదనీ, బాహుదలో స్నానం చేసి దేవర్షిపితృ తర్పణం విడువమనీ అన్నాడు. చేతులు లేనివాడు తర్పణానికి ఉద్యుక్తుడైన క్షణంలో, పద్మాలవంటి రెండు కరములు మళ్ళీ ఉద్భవించాయి. బాహువులను ఇచ్చినది గనుక ఆ నది బాహుద.

ఈ కథ ఆ సీమలో కేవలం పురాణం కాదు. కాణిపాకంలో వరసిద్ధి వినాయకుని సన్నిధిని ప్రవహించే ఏటికి బాహుద అనే పేరు ఉంది. స్థలపురాణంలో ఇదే కథ ఉంది. మదనపల్లె పట్టణం మధ్యగా పారే ఏరు కూడా బాహుదయే. నిమ్మనపల్లె వద్ద దానిపై జలాశయం ఉంది. ఆ బాహుద దిగువకు సాగి, పింఛా నదితో కలిసి చెయ్యేరు అవుతుంది. చెయ్యేరు రాజంపేట, నందలూరు ప్రాంతాలను తడిపి పెన్నలో లీనమవుతుంది. చెయ్యేరు అన్న తెలుగు పేరులో కూడా చేయి ఉన్నదని అయ్యవారు శ్రోతలకు ప్రతి సంవత్సరమూ గుర్తుచేసేవారు. అన్నమాచార్యుల జన్మస్థలమైన తాళ్ళపాక ఆ సీమలోనిదే. నందలూరు సౌమ్యనాథస్వామి ఆలయం ఆ నదీతీరంలోనిదే.

ఆ కార్తికంలో వాన విడువలేదు. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం దక్షిణాంధ్రకు, ఉత్తర తమిళనాడుకు చేరువై, నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య తీరం దాటింది. తుఫానుగా బలపడి ఒక పేరు సంపాదించుకొనే స్థాయికి కూడా అది చేరలేదు. అయినా దాని మేఘాలు తిరుపతి వీధులను ఏరులు చేశాయి. శేషాచలం కొండల మీద, వాటి వెనుకనున్న మెట్టనాటి మీద కుండపోతగా కురిశాయి. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న పుంగనూరు, మదనపల్లె ప్రాంతానికి కరువు చిరపరిచితం. వరద అపరిచితం. ఏళ్ళ తరబడి నెర్రెలు విచ్చిన చెరువులు నిండాయి. ఒక చెరువు మరవ పోతే ఆ నీరు దిగువ చెరువుకు, అక్కడి నుండి దాని దిగువకు. గొలుసుకట్టుగా చెరువులను నిర్మించిన పూర్వులు ఎరిగిన దారి అదే.

అయ్యవారి ఇంటి పక్కన ఒక వంక ఉంది. ఊరి చెరువు మరవ నీరు పోవడానికి పూర్వం ఏర్పడినది. దశాబ్దాలుగా అందులో నీరు పారలేదు. ముళ్ళకంపలు, చెత్త, ప్లాస్టిక్ సంచులు మాత్రమే ఉండేవి. పదేళ్ళ క్రితం ప్రహరీ గోడ కట్టుకొన్నప్పుడు అయ్యవారు దానిని వంకలోకి మూడడుగులు జరిపించారు. వంకకు ఆవలి వైపు, కొంచెం పల్లంలో ఉన్న ఇంటి యజమాని అప్పుడు వచ్చి, “అయ్యవారా, ఇది వంక పోరంబోకు కదా” అని మెల్లగా అన్నాడు. “ముప్పై ఏళ్ళుగా చుక్క పారని వంకలో మూడడుగుల నేలకు ఇంత రాద్ధాంతమా?” అని అయ్యవారు నవ్వారు. ఆయన పెద్ద, పండితుడు, పిల్లలకు చదువు చెప్పినవాడు. మాట అక్కడితో ఆగిపోయింది. కాలక్రమంలో ఆ మనిషి గతించాడు. అతని భార్య ఒక ఆవును పెట్టుకొని కాలం గడుపుతున్నది. పుంగనూరు పేరు చెప్పగానే లోకానికి పొట్టి ఆవు గుర్తుకు వస్తుంది. ఆమె దొడ్డిలోనిది మాత్రం డెయిరీకి పాలు పోసే సాధారణ సంకరజాతి ఆవు. అయ్యవారి అభిషేకానికి పాలు కూడా ఆ ఇంటి నుండే వచ్చేవి.

నవంబరు 18 రాత్రి. పౌర్ణమి తిథి. ఆలయంలో దీపాలు నిలువలేదు, గాలివాన. అర్ధరాత్రి దాటిన తరువాత తలుపు దబదబ మోగింది. “నీళ్ళు లోపలికి వస్తా ఉండాయి అయ్యవారా! ఆవును ఎట్లైనా ఇడిపించండి.” పక్కింటి ఇల్లాలు మోకాలి లోతు నీటిలో నిలబడి ఉంది. వీధి వీధంతా లేచింది. ఎదురింటి ఆటో డ్రైవరు పలుపు కోసి ఆవును, దూడను లాగాడు. దర్గా వీధి నుండి ఇద్దరు యువకులు వచ్చి బియ్యం మూటలు, ట్రంకు పెట్టె తలల మీద మోశారు. అన్నీ అయ్యవారి వసారాలోకే వచ్చాయి. ఆ చుట్టుపక్కల మెరకలో ఉన్న ఇల్లు అదొక్కటే. ఆవు వసారా స్తంభానికి, ఇల్లాలు వంటింటి గడపకు ఆనుకొని తెల్లవార్లూ కూర్చున్నారు. తడిసిన రేషను కార్డును, భర్త ఫొటోను ఆమె కొంగుతో తుడుస్తూనే ఉంది.

టార్చిలైటు పట్టుకొని పెరట్లోకి వెళ్ళిన అయ్యవారికి ఆ రాత్రి ఒక దృశ్యం కనిపించింది. వంకలో దూసుకొస్తున్న నీరు ఆయన ప్రహరీ గోడ మూలకు కొట్టుకొంటున్నది. అక్కడ దారి సన్నగిల్లడంతో అది మళ్ళి, నేరుగా పల్లంలోని ఆ ఇంటి దొడ్డిలోకి పోతున్నది. గోడకు ఈవల ఆయన తులసికోట చుట్టూ అరచేయి లోతు నీరు కూడా లేదు. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. లోపలికి వచ్చాక ఆమె ముఖంలోకి చూడలేకపోయారు. ఆమె గోడ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది.

తెల్లవారాక వార్తలు వచ్చాయి. ఎగువన పింఛా జలాశయపు కట్ట దెబ్బతిన్నది. రాజంపేట సమీపంలో చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టుకు విడువగల సామర్థ్యాన్ని మించి, 3 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. శుక్రవారం తెల్లవారుజామున మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు గ్రామాలను ఏరు ముంచెత్తింది. నందలూరు ప్రాంతంలో ఆర్టీసీ బస్సులు ప్రయాణికులతో సహా వరదలో చిక్కుకొన్నాయి. రైలుపట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రాకపోకలు స్తంభించాయి. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. పులపత్తూరులో ఏటి ఒడ్డునున్న శివాలయానికి కార్తిక పౌర్ణమి దీపాలు వెలిగించడానికి వెళ్ళినవారు కూడా ఆ మృతులలో ఉన్నారు. ఆ వాక్యం విన్న తరువాత ఆ సాయంకాలం అయ్యవారు ప్రవచనానికి వెళ్ళలేదు.

మూడవ రోజు వాన తెరిపి ఇచ్చింది. నీరు తీసిన ఇంటిలో జానెడు బురద మిగిలింది. పొయ్యి, మంచం, గోడకు తగిలించిన దేవుని పటాలు అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. వీధిలోని స్త్రీలు చేటలతో, రేకు పలకలతో బురద ఎత్తుతున్నారు. అయ్యవారు ఆ గుమ్మం ముందు నిలబడి, జీవితంలో మొదటిసారి ఆ ఇల్లాలికి చేతులు జోడించారు.

“అమ్మా, నా గోడ వల్ల నీ ఇల్లు మునిగింది. మీ ఆయన ఆనాడే చెప్పాడు. నేను వినలేదు. ఏం చేయమంటావో చెప్పు.”

ఆమె చేట పక్కన పెట్టింది. “మీ మీద నాకు కోపమెందుకు అయ్యవారా? నీళ్ళకు వాటి దోవ ఇచ్చేయండి. అంతే నాకు కావల్సింది.”

శంఖుడు తమ్మునితో అన్నది కూడా ఇంతకంటే భిన్నం కాదు. కోపం లేదు, ధర్మం మాత్రం దాటబడింది, దానిని సరిచేయాలి. ఇరవై ఏళ్ళుగా ఆ కథ చెబుతూ వచ్చిన పండితునికి అందులో తన పాత్ర ఏదో అప్పుడు తెలిసింది. లిఖితుడు దొంగ కాడు. అన్నగారి చెట్టే కదా అనుకొన్నాడు. చనువు ఉన్నచోటనే అడగడం అనవసరమనిపిస్తుంది. పరాయివాని పొలంలో గట్టు జరపడానికి భయపడేవాడు, పక్కింటివాని వంకలోకి గోడ జరపడానికి భయపడడు. నీరు లేని నాడు వంక ఎవరిదీ కాదనిపిస్తుంది. నీరు వచ్చిన నాడు అది ఎవరిదో నీరే చెబుతుంది.

ఆ మధ్యాహ్నం అయ్యవారు గడ్డపార పట్టుకొన్నారు. డెబ్బై ఏళ్ళ వయస్సులో నాలుగు దెబ్బలకే ఆయాసం వచ్చింది. ఎదురింటి ఆటో డ్రైవరు మాట్లాడకుండా గడ్డపార అందుకొన్నాడు. దర్గా వీధి యువకులు మళ్ళీ వచ్చారు. చీకటి పడేవరకు గోడ మూలను మూడడుగులు తొలగించి, వంకలోని కంపలు, సంచులు బయటకు లాగారు. తొలగించిన రాళ్ళతోనే ఆ ఇల్లాలి దొడ్డికి ఒక మెరక అరుగు కట్టారు.

వారం తరువాత వీధివారు బియ్యం, కందిపప్పు, దుప్పట్లు, పాత్రలు సేకరించి ఒక లారీలో పీలేరు, రాయచోటి మీదుగా రాజంపేట వైపు బయలుదేరారు. అయ్యవారు కూడా ఎక్కారు. దారి పొడవునా రోడ్డు క్రమంగా దిగువకు పోతుంటే ఆయనకు ఒక సంగతి బోధపడింది. తమ మెట్టనాటి వాన పోయిన దారి కూడా ఇదే. ఎగువవారు వద్దనుకొని తోసిన నీటి బొట్టు ఎక్కడికీ పోదు. దిగువవారి గుమ్మంలోకి పోతుంది. ఇరుగుపొరుగు అంటే గోడకు ఆవలివారని ఇంతకాలం అనుకొన్నాడు. వాలుకు దిగువన ఉన్న ప్రతివాడూ పొరుగువాడే.

చెయ్యేటి ఒడ్డున వారు దిగిన గ్రామంలో సగం ఇళ్ళు పునాదుల వరకే ఉన్నాయి. అరటి తోటల మీద, వరి మడుల మీద ఏరు ఇసుకను మేట వేసి పోయింది. నీరు తీస్తే పోతుంది. ఇసుక అలా పోదు. పొలం గట్టు ఎక్కడిదో పోల్చుకోలేక రైతులు నిలబడి చూస్తున్నారు. కొట్టుకుపోయిన ఇళ్ళవారు గుడారాలలో, బడి గదులలో ఉన్నారు. అక్కడ కూడా ఒకే పొయ్యి మీద పది ఇళ్ళ అన్నం ఉడుకుతున్నది. నిలిచిన ఇంటివారు కూలిన ఇంటివారికి గది ఇచ్చారు. బావులను తోడి బ్లీచింగు పొడి చల్లారు. తడిసిన పట్టాదారు పాసుపుస్తకాలను, పిల్లల సర్టిఫికెట్లను ఎండలో పరచి, గాలికి ఎగరకుండా ఒక్కొక్క దానిపై ఒక్కొక్క రాయి పెట్టారు. ఆ రాళ్ళకు కాపలాగా ఒక పిల్లవాణ్ణి కూర్చోబెట్టారు.

ఒక ఇంటి బురద ఎత్తుతుండగా, అయ్యవారి నుదుట విభూతి చూసి ఒక వృద్ధురాలు అడిగింది. “దీపం పెట్టేదానికి పోయినోళ్ళు నాయనా. పాపం చేసేదానికి పోలేదు. వాళ్ళనెట్ల తీసకపోయినాడు సామి?”

ఆయనకు సమాధానాలు తెలుసు. ప్రారబ్ధం గురించి, పూర్వజన్మల గురించి, ఆత్మ నిత్యత్వం గురించి గంటల తరబడి చెప్పగలరు, ఎన్నోసార్లు చెప్పారు. ఆ రోజు చెప్పలేకపోయారు. కర్మగతి గహనమని గీతాచార్యుడే పలికి ఉండగా, ఎదుటివాని దుఃఖానికి ఫలానా కర్మ కారణమని తీర్పు చెప్పే అధికారం ఎవరికి ఉంది? కర్మసిద్ధాంతం తనను తాను పరీక్షించుకొనే అద్దం. మృతుల మీద తీర్పు చెప్పడానికి ఇచ్చిన దండం కాదు. కట్ట తెగినది ప్రారబ్ధం వల్లనా, మనుష్యుల ఉపేక్ష వల్లనా అన్న ప్రశ్నలో రెండవదానికి మనుష్యులే జవాబుదారులు. దానిని మొదటిదానిలో కలిపివేయడం అధర్మం. తన గోడను దైవమని పిలిచే అవకాశం ఆయనకు కూడా ఉన్నది కదా.

“తెలియదమ్మా” అన్నారు. ఆమె మాట్లాడలేదు. కాసేపటికి తన కొంగుతో కట్టిన మూటలోంచి ఇత్తడి ప్రమిద ఒకటి తీసి, బురద గట్టకట్టిన దానిని ఆయన చేతికిచ్చింది. ఆయన దానిని చింతపండుతో, బూడిదతో తోమి, కడిగి తిరిగి ఇచ్చారు. ఆ సాయంకాలం ఆ ప్రమిద బడి గుమ్మంలో వెలిగింది. ప్రశ్న అలాగే ఉంది.

కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు వద్ద ఒక శాసనం ఉంది. శాలివాహన శకం 1291, అంటే క్రీ.శ. 1369. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువును వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో, రెండేళ్ళలో నిర్మింపజేసిన వృత్తాంతం అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఉన్నాయి. కట్ట నుండి నీరు ఊరడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం మరొక దోషం. ఈ రెండవది తిరుగు ప్రయాణంలో అయ్యవారి మనస్సులో మెదిలింది. రెండు రాజ్యాల నడుమ ఉన్న నీటిని అనుభవించడానికి ఇద్దరూ వస్తారు. కాపాడడానికి ఎవరూ రారు. సరిహద్దు రాజ్యాల మధ్యనే ఉండనవసరం లేదు. రెండు ఇళ్ళ నడుమ ఉన్న వంకకు అదే దోషం పట్టింది.

గీత మూడవ అధ్యాయంలో యజ్ఞచక్రం చెప్పబడింది. అన్నం వలన ప్రాణులు, వర్షం వలన అన్నం, యజ్ఞం వలన వర్షం. అందుకొన్నది తిరిగి ఇవ్వకుండా తాను మాత్రమే అనుభవించేవానికి భగవానుడు అక్కడ పెట్టిన పేరు కఠినమైనది: దొంగ. శంఖుడు తమ్మునిపై మోపిన అపరాధం కూడా అదే. వానను ఆహ్వానించి, దాని దారిని ఆక్రమించడం ఆ చక్రాన్ని తెగగొట్టడమే అవుతుంది. అగ్నిలో నెయ్యి వేయడం ఎంత యజ్ఞమో, వంకలో పూడిక తీయడం అంత యజ్ఞం.

ప్లవ నామ సంవత్సరం ముగిసింది. ప్లవమంటే తేలునది, తెప్ప. ఆ ఏడు ఎందరిని ముంచిందో చెయ్యేటి ఒడ్డువారికి తెలుసు. ఆ రాత్రి ఎవరు ఎవరికి తెప్ప అయ్యారో కూడా వారికే తెలుసు. మరుసటి కార్తికంలో అయ్యవారు మళ్ళీ శంఖలిఖితుల కథ చెప్పారు. పూర్వం ఆయన చేతులు మొలిచిన అద్భుతం దగ్గర ఆపి హారతి ఇచ్చేవారు. ఈసారి తరువాతి సంభాషణ కూడా చెప్పారు. నీకు ఇంతటి తపోబలం ఉండగా నన్ను ముందే ఎందుకు పవిత్రుణ్ణి చేయలేదని లిఖితుడు అడుగుతాడు. దండించే అధికారం తనది కాదనీ, ఆ దండన వల్ల రాజు కూడా పవిత్రుడయ్యాడనీ శంఖుడు చెబుతాడు. దోషం ఒప్పుకొన్నవాడొక్కడే కాదు, దానిని సరిచేయడానికి తోడ్పడిన వారందరూ ఆ పవిత్రతలో భాగస్వాములని అయ్యవారు వ్యాఖ్యానించారు. చెబుతూ ఆటో డ్రైవరు కూర్చున్న వైపు చూశారు.

ఒక పిల్లవాడు లేచి, చేతులు నిజంగా మొలిచాయా అని అడిగాడు. అయ్యవారు కొంచెం ఆలోచించారు. “కథలో ఎప్పుడు మొలిచాయో చూడు నాయనా. స్నానం చేసినంత మాత్రాన మొలవలేదు. ఇవ్వడానికి నీళ్ళు ఎత్తబోయినప్పుడు మొలిచాయి.”

పౌర్ణమి ముందు రోజు వీధివారందరూ వంకలో పూడిక తీశారు. ఇప్పుడు ప్రతి ఏడూ తీస్తున్నారు. గోడ మూల తొలగించిన చోట అయ్యవారు సున్నం పూయించలేదు. ఇటుకల పళ్ళు అలాగే కనిపిస్తుంటాయి. దీపాల రాత్రి పక్కింటి ఇల్లాలు పాల చెంబుతో వచ్చి, తన ప్రమిదను ఆ ఇటుకల మీద పెట్టి వెళుతుంది. అక్కడ గాలి తక్కువ. దీపం చాలాసేపు నిలుస్తుంది.

స్వస్తి.